బ్యాటరీ మార్చుకునే వీలు ఎందుకు పోయింది?
ప్రతి కొత్త ఫోనూ పాతదానికంటే మెరుగే అని ఒక వ్యాసంలో చదివాను. కెమెరా, స్క్రీన్, వేగం వరకు ఒప్పుకుంటాను, అన్నిటికీ మాత్రం ఒప్పుకోలేను. నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వెనక మూత గోరుతో లాగితే ఊడి వచ్చేది. బ్యాటరీ తీసి ఇంకోటి పెడితే మళ్లీ ఫుల్ ఛార్జ్. సిమ్, మెమరీ కార్డు కూడా ఆ మూత కిందే. 2014లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్5 దాకా ఖరీదైన ఫోన్లలోనూ ఈ సదుపాయం ఉండేది, మరుసటి ఏడాది ఎస్6తో పోయింది. పోయింది బ్యాటరీ సదుపాయం ఒక్కటే కాదు, 2016లో ఐఫోన్ 7లో హెడ్‌ఫోన్ జాక్ తీసేస్తే చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. తర్వాత నేను వాడిన ఒక ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ ఒక పక్క పైకి లేచింది. లోపలంతా జిగురుతో అతికించేశారు, మార్చడానికి అయ్యే ఖర్చు విని పక్కన పెట్టేయాల్సి వచ్చింది. మిగతా ఫోనంతా శుభ్రంగా పనిచేస్తోంది, అదీ నా బాధ. అప్‌డేట్ల విషయంలో మాత్రం ఇప్పటివే నయం. అప్పట్లో రెండేళ్లు వస్తే గొప్ప, 2023 నాటి పిక్సెల్ 8 ఫోన్‌కి గూగుల్ ఏడేళ్లు ఇస్తానంది. సాఫ్ట్‌వేర్ అన్నేళ్లు ఇస్తూ, అంతకంటే ముందే నీరసించే బ్యాటరీని మనం మార్చుకోలేకుండా బిగించేస్తే ఎలా?