కటేనా వారి ఆస్తి తగాదా

ఇతరుల ఆస్తి తగాదాల్లో తలదూర్చవద్దని పెద్దలు చెబుతారు. అయినా ఇంగ్లీషు నిఘంటువులో వందల ఏళ్లుగా నలుగుతున్న ఒక కుటుంబ వివాదాన్ని ఇంతవరకు ఏ పెద్దమనిషీ పట్టించుకోలేదు కాబట్టి, ఎవరూ పిలవకపోయినా మధ్యవర్తిగా కూర్చోవడానికి నేను సిద్ధపడ్డాను. వాది: చైన్. ప్రతివాదులు: కెటీనరీ, కన్‌క్యాటినేట్, క్యాటినేన్ తదితరులు. మూలపురుషుడు: లాటిన్‌లో గొలుసుకు పేరైన కటేనా. తగాదాలో ఉన్న ఆస్తి: గౌరవం.

వాదిది కష్టజీవి కథ. రోమన్ల రాజ్యం పోయాక కటేనా ఫ్రాన్స్ పల్లెల్లో జనం నోళ్లలో నానింది. మొదటి ‘క’ కాస్తా ‘చ’ అయింది. మధ్యలో ఉన్న ‘ట’ దారిలో ఎక్కడో జారిపోయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల ఫ్రెంచి మాటలతో పాటు ఇదీ సముద్రం దాటి, 1300 ప్రాంతానికి ఇంగ్లీషులో స్థిరపడింది. వచ్చిన రోజు నుంచి చాకిరీయే. కుక్కను కట్టాలన్నా, ఓడకు లంగరు దించాలన్నా, ఖైదీని కదలకుండా కూర్చోబెట్టాలన్నా చైనే కావాలి. సైకిల్ వచ్చాక అక్కడా దాన్నే తిప్పారు. పత్రికల్లో నేరవార్తల పేజీ తెరిస్తే, మోటారు సైకిల్ మీద వచ్చినవాడు తెంపుకుపోయిందీ చైనే.

ప్రతివాదులు వీధి మొహం చూసి ఎరుగరు. లాటిన్‌లో రాసుకునే పండితులు వాళ్లను పుస్తకాల్లోంచి నేరుగా ఎత్తి, ఒక్క అక్షరానికి గీత పడకుండా ఇంగ్లీషులో దించారు. ‘ట’ ఎక్కడిదక్కడే ఉంది. రెండు శాఖల జీతభత్యాల్లో ఇంత తేడా రావడానికి ఆ ఒక్క ‘ట’యే కారణమని ఈ విచారణలో తేలింది.

ముందుగా వాది సేవలు నమోదు చేయాలి. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు భూమి కొలవడానికి 66 అడుగుల గొలుసు ఒకటి రూపొందించాడు. దానికి 100 లంకెలు. అలాంటివి 80 వేస్తే ఒక మైలు, పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. అంటే మన అన్నదమ్ములు ఏ ఎకరం కోసం తరతరాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నారో, ఆ ఎకరం గొలుసు లెక్కే. తెలంగాణలో గుంట అంటే 121 చదరపు గజాలు, అటు 33 అడుగులు, ఇటు 33 అడుగులు. అరగొలుసుకు అరగొలుసు అన్నమాట. ఆంధ్రలో సెంట్లలో కొలుచుకున్నా దాన్ని తప్పించుకోలేరు, సెంటుకు వెయ్యి చదరపు లంకెలు. ఇక క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, సరిగ్గా ఒక గొలుసు. కోట్లు పలికే బ్యాట్స్‌మన్ పరుగు తీసేది గంటర్ గారి గొలుసు మీదే.

1802లో సర్వేయర్ విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దేశాన్ని కొలవడం మొదలుపెట్టినప్పుడు వాడింది వంద అడుగుల ఉక్కు గొలుసు. దాని పూర్వచరిత్ర కూడా రికార్డుల్లో ఉండాలి. బ్రిటిష్ రాయబారులు దాన్ని చైనా చక్రవర్తికి కానుకగా మోసుకెళ్తే ఆయన అక్కర్లేదన్నాడట. అది తిరిగి తిరిగి కలకత్తా చేరింది. చక్రవర్తి వద్దన్న గొలుసుతో మన నేల కొలిచారు.

గొలుసు మోసే ఉద్యోగిని మన సర్వే శాఖలో చైన్‌మన్ అంటారు. హద్దురాయి దగ్గర ఒక కొస పట్టుకుని, ముళ్ల కంప అడ్డొస్తే నరుక్కుంటూ, బురద అడ్డొస్తే దిగి నడిచేది ఆయనే. సంతకం సర్వేయర్‌ది, తిట్లు చైన్‌మన్‌వి. గట్టు ఏ వైపు జరిగినా రెండో వైపు రైతు మొదట నిలదీసేది ఆయన్నే. ఆయన హోదా పేరులో ‘ట’ లేదన్న సంగతి గమనించాలి.

ఇప్పుడు మొదటి ప్రతివాది కెటీనరీ వృత్తి చూద్దాం. గొలుసు రెండు కొసలూ రెండు మేకులకు తగిలించి వదిలేస్తే మధ్యలో కిందికి వేలాడుతుంది కదా, ఆ వంపు పేరు కెటీనరీ. అంతే. చేసిన పని వేలాడటం. దాని మీద యూరప్ పండితులు అర్ధశతాబ్దం పైగా తలలు పట్టుకున్నారు. అది దాదాపు పారాబోలా (విసిరిన రాయి గాలిలో గీసే వంపు) లాగే ఉంటుందని 1638లో గెలీలియో అన్నాడు. పారాబోలా కాదని యోఆకిమ్ యుంగియస్ నిరూపించాడు, కానీ ఆ నిరూపణ అచ్చయింది ఆయన పోయాక, 1669లో. వేలాడే గొలుసు వంపును తలకిందులు చేస్తే గట్టిగా నిలబడే కమాను వస్తుందని ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ గ్రహించాడు. గ్రహించి ఊరుకుంటే హుక్ ఎలా అవుతాడు? ఎవరైనా కాజేస్తారేమోనన్న భయంతో ఆ సంగతి చెప్పే లాటిన్ వాక్యంలోని అక్షరాలన్నీ విడదీసి, అక్షరక్రమంలో పేర్చి 1675లో అచ్చు వేయించాడు. విప్పి చెప్పకుండానే కన్నుమూశాడు. రహస్యం బయటపడింది 1705లో. సొత్తు తనదని ప్రకటించాలి, అదేమిటో మాత్రం చెప్పకూడదు. మన గ్రామాల్లో లంకెబిందెల వ్యవహారం కూడా ఇంత గుంభనంగా నడవదు.

1690లో స్విస్ గణితజ్ఞుడు యాకోబ్ బెర్నూలీ ఈ వంపు సమీకరణం చెప్పగలవారెవరని సవాలు విసిరాడు. మరుసటి ఏడు సమాధానాలు ఇచ్చినవారు లైబ్నిజ్, హైగెన్స్, యాకోబ్ సొంత తమ్ముడు యోహాన్. లాటిన్‌లో పేరు పెట్టిన పుణ్యం హైగెన్స్‌ది. అన్నకు కొరుకుడు పడని లెక్కను తాను ఒక్క రాత్రి నిద్ర మానుకుని తేల్చానని యోహాన్ 1718లో ఒక ఉత్తరంలో చెప్పుకున్నాడు. అప్పటికి అన్న పోయి పదమూడేళ్లు. ఆస్తి తగాదాకు ఆస్తి ఉండాలన్న నియమం ఏమీ లేదని దీనివల్ల తెలుస్తోంది. ఇంతమంది ఇన్నేళ్లు రాసిన దాంట్లో గొలుసును మోసిన రెండు మేకుల ప్రస్తావన నాకు కనిపించలేదు.

కెటీనరీ ఊరికే కూర్చుని తినలేదని ప్రతివాది తరఫు న్యాయవాది అనవచ్చు. ఒప్పుకుంటాను. స్పెయిన్ వాస్తుశిల్పి ఆంటోనీ గౌడీ కొలోనియా గ్వెల్ చర్చి కోసం దారాలకు సీసపు గుళ్ల సంచులు కట్టి, మొత్తం కట్టడాన్ని తలకిందులుగా వేలాడదీసి చూసుకున్నాడు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో నది ఒడ్డున 1965లో పూర్తయిన 630 అడుగుల కమాను కూడా ఈ వంపుకు దగ్గరి చుట్టమే.

రెండు శాఖలూ ఒకే కప్పు పంచుకునేది రైలు దగ్గర. కప్పు పైన 25,000 వోల్టులతో కెటీనరీ అనే కరెంటు తీగల ఏర్పాటు, కప్పు కింద ఎర్ర పిడితో చైన్. పైదాని సంగతి కాస్త దగ్గరగా చూడండి. ఇంజను నెత్తిన ఉన్న పాంటోగ్రాఫ్ ఒరుసుకుంటూ పోయేది అసలు కెటీనరీ తీగను కాదు. దాని నుంచి చిన్న చిన్న తీగలతో వేలాడదీసిన కాంటాక్ట్ వైరును. కింది తీగ తిన్నగా ఉండటానికి పైది వంగి మోస్తుందన్న మాట నిజమే. కానీ రాపిడి అంతా కింది తీగది, అరిగిపోయేది అది, మార్చేది దాన్ని. అయినా మొత్తం ఏర్పాటుకు పిలుపు పేరు కెటీనరీ. లోపలి చైన్ పరిస్థితి అందరికీ తెలిసిందే. కారణం లేకుండా లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయినా ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ పొట్లం కోసం దిగిన బాబాయి ఇంకా ఎక్కలేదని లాగుతాం, మన ఇంటి వీధి ఎదురుగా వచ్చిందని లాగుతాం. పైదాన్ని లాగే సాహసం ఎవరూ చేయరు. దానికి జరిమానా కట్టించుకోవడానికి మనిషి మిగలడు. గౌరవం ఇలా వస్తుంది.

కెటీనరీని ఇంగ్లీషులోకి తెచ్చిన ఘనతను సాధారణంగా థామస్ జెఫర్సన్ ఖాతాలో వేస్తారు. 1788లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉండగా, ఇనుప వంతెన కట్టే ఆలోచనలో ఉన్న థామస్ పెయిన్‌కు రాసిన ఉత్తరంలో, కమాను ఏ వంపులో ఉండాలో చర్చిస్తూ ఆ మాట వాడాడు. మనుషులందరూ సమానులుగానే పుట్టారని 1776లో స్వాతంత్ర్య ప్రకటనలో రాసింది ఈయనే. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలను సొంత ఆస్తిగా ఉంచుకున్నదీ ఈయనే. కాబట్టి గొలుసుల గురించి ఆ ఇంట్లో అవగాహనకు కొరత ఉండదు. చిక్కల్లా ఒక్కటే. మనిషి కాలికి వేసేదానికీ, వంతెనకు అందం తెచ్చేదానికీ ఒకటే పేరైతే విందులో పెద్దమనుషుల మధ్య కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. అలాంటి సమయాల్లో లాటిన్ ఆదుకుంటుంది. ఆయన పొలంలో పనిచేసినవారిలో ఎవరినైనా పిలిచి ఈ వంపుకు పేరు పెట్టమని ఉంటే, ‘ట’ లేని పేరే వచ్చి ఉండేదని నా నమ్మకం.

రెండో ప్రతివాది కన్‌క్యాటినేట్ మన పిల్లలకు అన్నం పెడుతున్న మాట కాబట్టి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. కంప్యూటర్ భాషలో అక్షరాల వరుసను స్ట్రింగ్ అంటారు. ఒకదాని చివర ఇంకొకటి తగిలించడం కన్‌క్యాటినేట్ చేయడం. అమెరికాలో ఏం పని నాయనా అని అమ్మమ్మ అడిగితే మనవడు ఈ మాటే చెప్పాడు. ‘తాళ్లు ముడివేయడానికి అంత దూరం వెళ్లాలా?’ అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆవిడ అనువాదంలో నాకు తప్పేమీ కనిపించలేదు.

ఈ పనితనాన్ని ఎక్సెల్‌లో చూడవచ్చు. ఒక గడిలో ఇంటిపేరు, పక్క గడిలో పేరు. కలపమంటే కలుపుతుంది, కానీ మధ్యలో ఖాళీ వదలదు. ఖాళీ కావాలంటే రెండు కొటేషన్ గుర్తుల మధ్య ఖాళీ ఉంచి అదీ విడిగా అడగాలి. ఆ సంగతి తెలియని గుమాస్తా చేతిలో పడితే, సత్యసూర్యవెంకటనారాయణమూర్తి గారు ఇంటిపేరుతో సహా ఊపిరి తీసుకునే సందు లేకుండా ఒకే మాటగా బయటికి వస్తారు. పెద్ద పేర్లను చూసి తానే బెదిరిందో ఏమో, ఎక్సెల్ ఆ తరువాత సొంత సూత్రం పేరును కన్‌క్యాట్ అని కత్తిరించి, పాతదాన్ని పాత ఫైళ్ల కోసం ఉంచింది. యూనిక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వారు ఆ కత్తిరింపు ఎప్పుడో చేశారు. 1971 నాటి తొలి మాన్యువల్‌లోనే ఈ ఆదేశం పేరు ‘క్యాట్’. రెండు వేల ఏళ్ల లాటిన్ వంశం చివరికి పిల్లి అయింది. తోక తెగినా, తల తెగినా, ‘ట’ మాత్రం వదల్లేదు. ఆ పట్టుదలను మెచ్చుకోవాలి.

చిన్న ప్రతివాదులను త్వరగా ముగిద్దాం. క్యాటినేన్ అంటే ఒకదానిలో ఒకటి దూరిన రెండు ఉంగరాల అణువు. 1983లో జాన్‌-పియర్ సోవాజ్ బృందం రాగి అయానును ఆసరాగా పెట్టి దాన్ని అల్లే దారి చూపింది. 2016 రసాయన నోబెల్‌లో ఆయనకు వాటా దక్కింది. రెండు లంకెలకే నోబెల్ అయితే, వంద లంకెలు మోసిన చైన్‌మన్ పింఛను సంగతి ఎవరైనా ఆలోచించాలి. క్రైస్తవ పండితులు కటేనా అన్న మాటనే యథాతథంగా వాడతారు. పూర్వాచార్యుల వ్యాఖ్యలను వరుసగా పేర్చిన సంకలనం అని అర్థం. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ నాలుగు సువార్తల మీద అలా పేర్చిన గ్రంథానికి ‘బంగారు గొలుసు’ అని పేరు వచ్చింది. ఆయన ఎవరి మాట ఏదో పేర్లతో సహా రాశాడు. మన పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు కొన్ని ఇదే పద్ధతిలో వస్తుంటాయి, పేర్లు మాత్రం ఉండవు.

వాది తరఫు బంధువుల్లో పైకి వచ్చింది ఒక్క షిన్యాన్. ఫ్రెంచిలో గొలుసు మెడపట్టీ అయి, మెడ వెనక భాగమై, చివరికి అక్కడ పడే కొప్పు అయి కూర్చుంది. కొప్పున్నమ్మ ఏ ముడి వేసినా అందమేనని మనవాళ్లు ఉచితంగా చెప్పిపోయారు. అదే ముడిని పార్లర్‌లో ఈ పేరుతో వేయించుకుంటే పెళ్లి బడ్జెట్‌లో దానికో వరుస కేటాయించాలి. ‘ట’ లేకుండా ఇంత సంపాదించడం ఎలా సాధ్యమైందని అడిగితే, పలకడం కష్టమైన పేరైతే చాలని సాక్షి చెప్పింది. 

తెలుగువారికి ఈ బాధ లేదు. కాకతీయుల గొలుసుకట్టు చెరువులకూ, కరణాలకు తప్ప ఇంకొకరికి అంతుపట్టని గొలుసుకట్టు రాతకూ, పక్కింటివాళ్లను చేర్పిస్తే కారు ఇస్తామనే గొలుసుకట్టు పథకాలకూ అదే గొలుసు. మూడోదాని నిర్వాహకులకు మాత్రం ఆ పేరంటే గిట్టదు, హోటల్ హాల్లో కోటు వేసుకుని నెట్‌వర్క్ అంటారు. వాళ్లకు లాటిన్ రాకపోవడం మన అదృష్టం.

ఇరుపక్షాల వాదనలు విన్నాక నా తీర్పు ఇది. వాది ఫ్రాన్స్‌లో పోగొట్టుకున్న ‘ట’ ఇంతకాలం తరువాత దొరికే అవకాశం లేదు కాబట్టి, నష్టపరిహారంగా చైన్‌మన్ పదవిని తక్షణం ‘కెటీనరీ అధికారి’గా మార్చి, ఒక గొడుగు మంజూరు చేయాలి. కాంటాక్ట్ వైరుకు వేరే బోర్డు పెట్టాలి. యూనిక్స్ పిల్లికి వంశంలో వాటా లేదు, మనోవర్తి మాత్రం ఇవ్వవచ్చు. మేకులకు కృతజ్ఞతలు. జెఫర్సన్ గారి బాకీ ఈ పంచాయితీ వసూలు చేయగలిగినది కాదు. మధ్యవర్తిగా నాకు రావలసిన రుసుమును గొలుసు రూపంలో చెల్లించినా అభ్యంతరం లేదు. బంగారందైతే చాలు, దాన్ని ఏ పేరుతో పిలిచి ఇచ్చినా రసీదు రాసిస్తాను.