సవరణ: మంత్రగత్తెల వేటలో మృతుల సంఖ్య

మంత్రగత్తెల వేటకూ (చేతబడి చేశారంటూ యూరప్‌లో మనుషుల్ని విచారించి చంపడం) పెట్టుబడిదారీ విధానం పుట్టుకకూ ఉన్న సంబంధం గురించి పెట్టిన పోస్టులో, యూరప్‌లో 90 లక్షల మంది స్త్రీలను తగలబెట్టారని రాశాను. అది తప్పు. కోర్టు రికార్డులు చూసిన చరిత్రకారుల అంచనా 40 వేల నుంచి 60 వేలు. అందులో నాలుగింట మూడొంతుల మంది స్త్రీలే. 18వ శతాబ్దపు జర్మన్ రచయిత ఒకాయన తన ఊళ్లో దొరికిన కొద్దిపాటి కేసులను యూరప్ మొత్తానికి లెక్కగట్టడంతో పుట్టిన అంకె ఆ 90 లక్షలు.

అందరినీ తగలబెట్టారన్నదీ నిజం కాదు, ఇంగ్లండ్‌లో శిక్ష సాధారణంగా ఉరి. 1566లో అక్కడి చెల్మ్స్‌ఫోర్డ్ పట్టణంలో ఉరితీసిన ఆగ్నెస్ వాటర్‌హౌస్ పేద వితంతువు. చేతబడితో పొరుగింటి ఆవును చంపిందని, వెన్న చెడగొట్టిందని కూడా ఆమె మీద నేరం మోపారు.

పెట్టుబడిదారీ విధానం మొదలవుతున్న రోజుల్లో, ఊరంతా వాడుకునే ఉమ్మడి భూములు సొంత ఆస్తులై కంచెలు పడి ఇలాంటి ఒంటరి ఆడవాళ్లకు ఆసరా పోయిందన్న స్త్రీవాద విశ్లేషణ ఆ అంకె మీద ఆధారపడింది కాదు. దాన్ని నేను ఇప్పటికీ గట్టిగా సమర్థిస్తాను. పోస్టులో అంకె సరిచేశాను, పాతది షేర్ చేసినవాళ్లు దయచేసి మార్చండి.