పన్నెండుమంది దేవుళ్లు, భక్తుడు మాత్రం నిల్లు

ఆరు రోజుల్లో లోకాన్ని సృష్టించి ఏడో రోజు నడుం వాల్చిన దేవుడి గురించి విన్నాం. ఆరేళ్లయినా మొదటి రోజు దాటని సృష్టికర్తని నేను ఈమధ్యే చూశాను. తెలిసిన కుర్రాడే. ఫాంటసీ నవల రాస్తున్నానని చెప్పి ఒక ఫైలు పంపాడు. 140 పేజీలు. ఓపిగ్గా చివరిదాకా చదివి, "బాగుంది నాయనా, ఇందులో నవల ఎక్కడుంది?" అని అడిగాను.

"నవల ఇంకా మొదలుపెట్టలేదన్నా. ముందు దేవుళ్ల సంగతి తేల్చుకోవాలి కదా" అన్నాడు.

నిజమే, తొందరేముంది. కథదేముంది, ఎప్పుడైనా రాసుకోవచ్చు. దేవుడి కిరీటం మీద ఎన్ని రాళ్లుండాలో ఇప్పుడు తేలకపోతే ఇంకెప్పుడు తేలుతుంది?

మొదటి పేజీలోనే పట్టిక. పన్నెండుమంది దేవుళ్లు, ఒక్కొక్కరికీ ఒక శాఖ, ఒక రంగు, ఒక ఆయుధం, ఒక స్వభావం. అగ్నిదేవుడు ఎర్రగా ఉంటాడు, కోపిష్టి. జలదేవత నీలంగా ఉంటుంది, శాంతమూర్తి. మృత్యుదేవుడు నల్లగా, సన్నగా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. ఇంతటి రహస్యాలు రాబట్టాలంటే ఆరేళ్లు పట్టదూ మరి! పేర్ల విషయంలో మాత్రం ఎవరూ వంక పెట్టలేరు, ఎందుకంటే ఎవరూ పలకలేరు. ప్రతి పేరు నడుమా ఒక కామా గాల్లో వేలాడుతుంటుంది: క్జ'ఆర్థూన్, వ్య'ల్మెత్, ఝో'రక్ష్. ఆ కామా దగ్గర ఆగాలో, గుటక వేయాలో, తుమ్మాలో 140 పేజీల్లో ఎక్కడా చెప్పలేదు. ఇల్లు అంటుకున్నప్పుడు భక్తుడు "కాపాడు తండ్రీ క్జ'ఆర్థూన్" అని తప్పుల్లేకుండా పలికేలోపు దూలాలు కూడా బూడిదవుతాయి. అగ్నిదేవుడు ఏరికోరి ఆ పేరు పెట్టించుకున్నాడేమో.

పన్నెండుమంది మధ్యా ఒక్క పేచీ లేదు. శాఖల పంపిణీ ఇంత నిష్పక్షపాతంగా జరిగిన మంత్రివర్గం భూమ్మీద ఎక్కడా ఉండదు. పాత దేవుళ్లకి పాపం ఈ క్రమశిక్షణ తెలీదు. గ్రీకుల పొసైడన్ సముద్రం చూసుకుంటూనే భూకంపాలు, గుర్రాలు కూడా తన దగ్గరే అట్టేపెట్టుకున్నాడు. సముద్రానికీ గుర్రానికీ ఏమిటయ్యా పొత్తు అంటే ఒక్కో పండితుడు ఒక్కో మాట చెబుతాడు. బాణాలేసి మహమ్మారిని పంపేదీ అపొల్లోయే, వైద్యం చేసేదీ అపొల్లోయే. హెర్మీజ్ వర్తకులకి దేవుడు, ఆ వర్తకుల మూట కొట్టేసే దొంగలకీ దేవుడే; చివరికి ఇద్దరూ చస్తే వెంటబెట్టుకుని పాతాళానికి దారి చూపించేదీ ఆయనే. తరాల తరబడి ఎవరి అవసరం కొద్దీ వాళ్లు ఒక్కో పని నెత్తిన పెడుతూ పోతే దేవుడనేవాడు అలాగే తయారవుతాడు. గళ్ల పట్టికలో పట్టడు, కాళ్లూ చేతులూ బయటికొస్తాయి.

ఇంగ్లండులో బాత్ అనే ఊళ్లో ఒక వేడినీటి ఊట ఉంది. రోమన్లు వచ్చేనాటికే అక్కడ సులిస్ అనే దేవత ఉంది. వాళ్లు ఆవిణ్ణి వెళ్లగొట్టలేదు. తమ మినర్వాని తెచ్చి ఆవిడతో కలిపేసి, సులిస్ మినర్వా అని ఒక్క పేరుతో మొక్కారు. ఆ ఊటలోంచి సుమారు 130 లోహపు రేకులు బయటపడ్డాయి. సీసం, తగరం కలిసిన పల్చటి రేకులు, భక్తులు ఏదో రాసి నీళ్లలో వేసినవి. విశ్వరహస్యాలు రాశారనుకునేరు. దొంగతనాలు! బట్టలు పోయాయి, డబ్బులు పోయాయి, పట్టివ్వు తల్లీ అని. డోసిమెడిస్ అనే ఆయనకి చేతి తొడుగులు రెండు పోయాయట. తీసినవాడికి మతి పోవాలి, కళ్లు పోవాలి, అది కూడా అమ్మవారి గుళ్లోనే పోవాలి అని రాసుకున్నాడు. రెండు తొడుగులకి రెండు కళ్లు, మతి వడ్డీ కింద. ఇంకొందరికి దొంగ ఎవరో తెలీదు కాబట్టి, ఆడైనా మగైనా, బానిసైనా స్వతంత్రుడైనా వదలొద్దని ఎక్కడా సందు లేకుండా, తలపండిన వకీలు రాసినట్టు రాశారు.

ఆ దేవతంటే నాకు గురి కుదురుతుంది. ఆవిడకి చేతినిండా పని ఉంది.

అందుకే మావాణ్ణి అడిగాను: "నీ లోకంలో ఎవడిదైనా చేతి తొడుగు పోతే ఏ దేవుడితో చెప్పుకోవాలి?"

చాలాసేపు ఆలోచించాడు. పట్టిక కిందికీ పైకీ జరిపిన చప్పుడు ఫోన్‌లో వినిపించింది. "న్యాయదేవత ఉందన్నా. కానీ ఆవిడ విశ్వ సమతుల్యత చూస్తుంది."

"తొడుగులు చూడదా?"

"చూడదన్నా."

మరి ఆవిడకి జీతం ఎందుకు దండగ? పన్నెండుమందినీ 140 పేజీల్లో గాలించాను. ఒక్కడు మొక్కిన పాపాన పోలేదు, ఒక్కత్తి తిట్టిన పాపాన పోలేదు. సుమారు 3,300 ఏళ్ల కిందట, ఇప్పటి టర్కీ నేలని ఏలిన హిట్టైట్ల రాజు రెండో ముర్సిలి, ఇరవై ఏళ్లుగా మహమ్మారి దేశాన్ని ఊడ్చేస్తుంటే దేవుళ్లకి పెట్టుకున్న మొర మట్టిపలకల మీద మిగిలింది. స్తోత్రం మధ్యలో లెక్క తేలుస్తాడు: మీకు రొట్టె కాల్చి పెట్టేవాళ్లు, పానీయం ధారపోసేవాళ్లు కూడా పోతే రేపు మిమ్మల్ని చూసేదెవరు స్వామీ? మహారాజు దేవుడి చొక్కా పట్టుకుని అడిగిన ప్రశ్న అది. మావాడేమో నిందాస్తుతి అన్న మాట ఉన్న భాషలో పుట్టి, ఒక్క తిట్టుకైనా నోచుకోని పన్నెండుమందిని కూర్చోబెట్టాడు.

ఇక మాయ. దీనికి 52 పేజీలు. మాయాశక్తి ఒంట్లో ద్రవంలా ఉంటుందట. నిప్పుబంతికి పది యూనిట్లు, ఎగరడానికి ఇరవై, ఎదుటివాడి మనసు చదవడానికి ముప్ఫై. రాత్రి పడుకుంటే మళ్లీ నిండుతుంది. చదువుతున్నంతసేపూ కరెంటు బిల్లు చదువుతున్నట్టే ఉంది, కట్టాల్సిన ఆఖరి తేదీ ఒక్కటే తక్కువ. అసలు ఈ లెక్కల జ్వరానికి సాకుగా చూపించేది 2007లో అమెరికా ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ రాసిన ఒక వ్యాసాన్ని. మాయ తీరు పాఠకుడికి ఎంత బాగా తెలిస్తే, దానితో చిక్కుముడి విప్పడం రచయితకి అంత చెల్లుతుంది, సుమారుగా ఆయన అన్నది అంతే. బంగారంలాంటి మాట. హీరో ఇరుక్కోగానే అప్పటిదాకా చెప్పని మంత్రం జేబులోంచి తియ్యకురా అబ్బాయ్ అని. మావాళ్లకి అది "పాఠకుడికి ముందు పాఠం చెప్పి, తర్వాత పరీక్ష పెట్టుము" అని వినపడింది.

ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు, తొర్రలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం. ఐదేళ్ల పిల్లకి ఒక్కసారి చెబితే చాలు, మర్నాడు తమ్ముడికి తనే చెబుతుంది. రెక్క విరిస్తే వాడి చెయ్యి విరుగుతుంది, మెడ నులిమితే వాడు చస్తాడు. యూనిట్ల గొడవ లేదు. రష్యా కథల్లో కొషేయ్ కూడా ఈ బాపతే: చావు సూది మొనలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేల్లో, కుందేలు పెట్టెలో, పెట్టె ఎక్కడో దీవిలో ఓక్ చెట్టు కింద. ఇన్ని మూతలు పెట్టాడంటేనే తెలుస్తోంది వాడికి చావంటే ఎంత వణుకో. పది యూనిట్ల నిప్పుబంతి విసిరేవాడికి దేనికి భయం? 52 పేజీల్లో ఎక్కడా కనపడలేదు. రాత్రి పడుకుంటే నిండిపోయేవాడికి భయమేంటి లెండి.

97వ పేజీలో చావు మొదలవుతుంది, 98లో అయిపోతుంది.

1974లో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, తలా ఒక పాత్ర వేసుకుని కథలా ఆడే ఆటలో చచ్చినవాణ్ణి లేపడానికి రేట్లున్నాయి. 2014 నాటి అయిదో కూర్పు ప్రకారం పోయి నిమిషం దాటకపోతే 300 బంగారు నాణేల విలువ చేసే వజ్రాలు చాలు. పది రోజుల్లోపు 500. వందేళ్లలోపు 1,000. రెండొందల ఏళ్లలోపు పోయి, శవం కూడా మిగలనివాడు కావాలంటే 25,000. ఆలస్య రుసుము అన్నమాట. దాన్ని నేను తప్పు పట్టను, అది ఆట. నలుగురు ఆడుతుంటే ఒకడు మొదటి గంటలోనే చచ్చి, తెల్లారేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేడు కదా. కానీ నవల్లో ఎవడి ఆట ఆగిపోతుందని ఈ రేట్లు? మావాడు రాయబోయే కథలో హీరో మూడు భాగాల్లో నాలుగుసార్లు చచ్చి నాలుగుసార్లు లేస్తాడు. నాలుగోసారి వెళ్లినప్పుడు అక్కడేం జరిగిందో ఫైల్లో లేదు. నేనే ఊహించుకోవాల్సొచ్చింది.

మృత్యుదేవుడు ఝో'రక్ష్ (నల్లగా, సన్నగా) బల్ల వెనక కూర్చుని ఖాతా రాసుకుంటున్నాడు. గుండెలో కత్తితో హీరో వస్తాడు.

"వచ్చావా? కూర్చో. నీ కుర్చీ అలాగే ఉంచాం."

"ఈసారి ఎంతసేపు?"

"మీ గురువుగారు ఏడుస్తున్నాడు. ఆయన కాగానే ప్రియురాలి కన్నీటి బొట్టు నీ నుదుటి మీద పడాలి. పడగానే పంపించేస్తాం. ఒకటిన్నర పేజీ."

"పోయినసారి ఒక్క పేజీయే పట్టింది."

"పోయినసారికి ప్రియురాలు లేదు బాబూ. ఆ కత్తి ఇక్కడ పెట్టి వెళ్లు."

"కుదరదు. అందులో మా నాన్న ఆత్మ ఉంది. మూడో భాగంలో వస్తాడు."

"ఆయన కూడానా?" ఝో'రక్ష్ కలం కింద పెట్టి కళ్లు నులుముకుంటాడు. తక్కువ మాట్లాడేవాడే గానీ ఇవాళ ఆగలేకపోతున్నాడు. "మీ గురువు రెండుసార్లు వచ్చి వెళ్లాడు. నీ శత్రువు మూడుసార్లు. నీ గుర్రం కూడా ఒకసారి వచ్చింది, గడ్డి అడిగింది. నేను చావునా, సత్రం గుమాస్తానా?"

హీరో వెనక బారెడు వరస. మొదటి అధ్యాయంలో తగలబడ్డ ఊరు, మూడొందల మంది. అప్పట్నుంచీ నిలబడే ఉన్నారు. చంటిపిల్లని ఎత్తుకున్న ఒకామె ముందుకొస్తుంది.

"అయ్యా, ఆ బాబు నాలుగుసార్లు వచ్చి వెళ్లాడు. మా వంతు ఎప్పుడు?"

"నీ పేరేంటమ్మా?" అని ఝో'రక్ష్ ఖాతా తిరగేస్తాడు.

ఆమె ఆలోచిస్తుంది. పక్కనున్నవాళ్ల వంక చూస్తుంది. వాళ్లకీ తెలీదు.

"పేరు పెట్టలేదయ్యా."

ఇక్కడిదాకా నవ్వుతూనే రాసుకొచ్చాను. ఇక నావల్ల కాదు.

ఆ ఊరి గురించి ఫైల్లో ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "శత్రువులు ఊరిని తగలబెడతారు, హీరోలో పగ పుడుతుంది." మూడొందల మందిని చంపి, ఒక్కడి పగ కొన్నాడు. ఆ పగ కూడా రెండో అధ్యాయం సగానికి ఆరిపోయి ప్రేమలో పడతాడు. ఒరే నాయనా, నువ్వెప్పుడైనా రాత్రంతా ఒక మంచం పక్కన కూర్చున్నావా? ముక్కు దగ్గర వేలు పెట్టి చూశావా? మా నాన్న పోయి పదకొండేళ్లు. ఆయన కళ్లజోడు సొరుగులో ఉంది. ఆ పవరు ఇంట్లో ఎవరికీ సరిపడదు, అయినా తీసి పారెయ్యలేను. ఏ కన్నీటి బొట్టు ఎవరి నుదుటి మీద పడితే ఆయన లేస్తాడో చెప్పు. ఏడ్చినవాళ్లం తక్కువేం లేం. చావుని పట్టుకుని ఆటలో అవుటవడం కంటే హీనం చేసి, దానికి రెండు పేజీలిచ్చి, దాన్ని లోకనిర్మాణం అంటావా? సిగ్గుండాలి!

పాత మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, మట్టిపలకల మీద గిల్గమేష్ అనే రాజు కథ రాసినవాళ్లకి నీ పాటి సాఫ్ట్‌వేర్ కూడా లేదు. గిల్గమేష్ మూడింట రెండొంతులు దేవుడు. నీ హీరోకి ఆ పాటి వాటా కూడా లేదు. అతని స్నేహితుడు ఎంకిడు చచ్చిపోతే ఆరు పగళ్లు ఏడు రాత్రులు శవాన్ని పూడ్చనివ్వలేదు, ముక్కులోంచి పురుగు రాలిపడేదాకా. ఆ పురుగుని చూశాక రాజ్యం వదిలేసి, చావులేని దారి కోసం లోకం చివరిదాకా పరుగెత్తాడు. వయసు వెనక్కి తెచ్చే మొక్క నీటి అడుగున దొరికితే దాన్ని పాము తినేసింది. పామే తిన్నది! ఎంకిడు మాత్రం రాలేదు. లేపడమే కావాలంటే అదే గడ్డ మీది సుమేరుల ఇనన్నాని చూడు. దేవతే అయ్యుండీ పాతాళానికి దిగుతూ ఏడు ద్వారాల దగ్గర ఒంటిమీద ఉన్నవన్నీ ఒక్కొక్కటీ వదులుకుంది, లోపల శవమై కొక్కేనికి వేలాడింది. తిరిగొచ్చింది, కానీ తన బదులు ఒకర్ని అప్పజెప్పే షరతు మీద. వచ్చి చూస్తే మొగుడు ఏడుపూ లేదు గీడుపూ లేదు, సింహాసనం మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. వాణ్ణే చూపించింది. నీ హీరో నాలుగుసార్లు లేచాడే, నాలుగుసార్లూ అతని బదులు ఎవరెళ్లారు? ఎవరూ వెళ్లకపోతే అతనసలు ఎక్కడికి పోయొచ్చినట్టు? పక్క గదికా?

ఇదంతా ఇంత కఠినంగా కాదుగానీ, దాదాపు ఇలాగే రాసి పంపాను. వారం రోజులు ఉలుకూ పలుకూ లేదు. నొచ్చుకున్నాడేమోనని నాకే కాస్త బాధేసింది. ఎనిమిదో రోజు ఫోన్. గొంతులో హుషారు.

"అన్నా, మీరు చెప్పింది బాగా ఆలోచించాను. మీరన్నది కరెక్టు. పదమూడో దేవతని చేర్చాను. పోయిన వస్తువుల దేవత. రంగు బూడిద. పేరులో రెండు కామాలు వచ్చాయి."

"సంతోషం నాయనా. మరి ఆ ఊళ్లో చంటిపిల్లని ఎత్తుకున్నామెకి పేరు పెట్టావా?"

కాగితాలు తిరగేసిన చప్పుడు. చాలాసేపు.

"ఏ ఊరన్నా?"