సవరణ: గర్భంతో ఉన్నప్పుడు ‘కొంచెం’ వైన్ గురించి
మొదటి మూడు నెలల్లో వారానికి ఒకటి రెండు గ్లాసుల వైన్ తాగినా గర్భస్రావం భయం లేదని మొన్న రాశాను, అది తప్పు. చాలా పరిశోధనల్ని కలిపి చూసిన ఒక సమీక్షలో, వారానికి ఐదు డ్రింకుల లోపు తాగేవాళ్లలో కూడా ఒక్కో డ్రింకుకీ ఆ ముప్పు సుమారు 6 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. బ్రిటన్ ప్రభుత్వ వైద్యాధికారులు కూడా 2016లో అసలు ముట్టుకోవద్దనే సలహాకి మారారు. వైనా బీరా అన్నది లెక్కే కాదు, 330 మిల్లీలీటర్ల బీరులోనూ 150 మిల్లీలీటర్ల వైన్‌లోనూ ఉండే ఆల్కహాల్ ఇంచుమించు ఒకటే, అది మాయ (ప్లాసెంటా) దాటి బిడ్డకి చేరుతుంది. అలాగని, గర్భం వచ్చిందని తెలియక తాగినవాళ్లు టెన్షన్ పడకండి, ముప్పు పెరగడమంటే గర్భం పోతుందని కాదు (తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి కారణం క్రోమోజోముల తేడాలే), ఇక మానేసి డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి.