వార్సా ఏం కట్టుకుంది, దేని మీద కట్టుకుంది

పోలండ్ రాజధాని వార్సాలో, పాతబస్తీ కూడలిలో నిలబడితే నాలుగు వైపులా రంగురంగుల ఇళ్లు. చూడగానే నాలుగైదు వందల ఏళ్ల నాటివి అనిపిస్తుంది. నిజానికి ఈ కూడలిని మళ్లీ కట్టి జనానికి అప్పగించింది 1953లో. మన పల్లెల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న పెంకుటిళ్లలో దీనికంటే పాతవి ఎన్నో.

1944 ఆగస్టు 1న పోలండ్ రహస్య సైన్యం నాజీల మీద తిరగబడింది. 63 రోజులు పోరాడి ఓడిపోయింది. చనిపోయిన సామాన్య జనమే లక్షన్నరకు పైగా. మిగిలినవాళ్లను వెళ్లగొట్టాక జర్మన్లు వీధి తర్వాత వీధిని తగలబెట్టారు, మందుపాతరలతో పేల్చారు. పోరు ముగిశాక, పనిగట్టుకుని చేసిన విధ్వంసం ఇది. యుద్ధం ముగిసేసరికి విస్తులా నది ఎడమ గట్టున దాదాపు 85 శాతం కట్టడాలు నేలమట్టమయ్యాయి.

మళ్లీ కట్టడానికి ఆధారాలేంటి? ఒకటి, 18వ శతాబ్దంలో పోలండ్ రాజాస్థానంలో పనిచేసిన ఇటలీ చిత్రకారుడు బెర్నార్డో బెలొట్టో వేసిన నగర చిత్రాలు. రెండు, వార్సా పాలిటెక్నిక్ వాళ్లు పాత ఇళ్లను కొలిచి గీసిన డ్రాయింగులు. యుద్ధంలో వాటిని ఊరు దాటించి ఒక మఠంలో దాచారు. ఆ కాగితాలు కాపాడినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి. 1980లో యునెస్కో ఈ పాతబస్తీని వారసత్వ జాబితాలో చేర్చింది.

అయితే ఉన్నది ఉన్నట్టు కట్టలేదు. సెయింట్ జాన్ కెథెడ్రల్‌కు 19వ శతాబ్దంలో పెట్టిన ముఖభాగాన్ని వదిలేసి, మధ్యయుగంలో ఇలా ఉండి ఉంటుందని ఊహించి కొత్త రూపమిచ్చారు. ఏ గతం కావాలో, ఏది అక్కర్లేదో ఎంచుకున్నారన్నమాట. వార్సా బూడిదలోంచి లేచింది అని అందరూ అంటారు, అది నిజమే. కానీ ఆ బూడిద ఎవరిదన్నది కూడా అడగాలి.

జవాబు వార్సాలోని మురానుఫ్ అనే పేటలో దొరుకుతుంది. యుద్ధానికి ముందు నగర జనాభాలో మూడోవంతు దాకా యూదులే. నాజీలు నాలుగు లక్షల మందికి పైగా యూదులను గోడల మధ్య కుక్కింది ఈ ప్రాంతంలోనే. ఆ గోడల మధ్య పేటనే ఘెట్టో అంటారు. 1943లో అక్కడి యూదుల తిరుగుబాటును అణచి, ఇల్లిల్లూ కూల్చేశారు. అంత శిథిలాన్ని ఎత్తిపోయడం అయ్యే పని కాదు. అందుకే ఆర్కిటెక్ట్ బొహ్దాన్ లాహెర్ట్ ఆ దిబ్బల మీదే కాలనీ వేశాడు, ఆ ఇటుక ముక్కలనే కాంక్రీటులో కలిపాడు. నేటికీ అక్కడ కొన్ని ఇళ్ల గుమ్మం చేరాలంటే వీధిలోంచి మెట్లెక్కాలి. ఆ మెట్ల ఎత్తంతా కూలిపోయిన ఇళ్లదే. నా దృష్టిలో పాతబస్తీ కంటే నిజాయితీగా మాట్లాడేది ఈ మెట్లే.

డబ్బు సంగతికొస్తే, 1945 అక్టోబరు 26న ఒక్క డిక్రీతో నగర భూమంతా మునిసిపాలిటీ పరమైంది. అది లేకపోతే అంత వేగంగా కట్టడం కష్టమయ్యేది. కానీ కమ్యూనిజం పోయాక పాత యజమానుల హక్కుల తగాదాలు లేచాయి, హక్కు పత్రాలు దళారుల చేతుల్లోకి వెళ్లాయి, అద్దెకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. ఆనాటి తొందరకు మూల్యం ఈ అద్దెదారులు చెల్లించారు. మరోవైపు 1991లో కొత్త స్టాక్ ఎక్స్ఛేంజ్ మొదలైంది ఎక్కడో కాదు, పాత కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయంలోనే. 2004లో పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఆఫీసు టవర్లు వరసకట్టాయి. సోవియట్ కానుకగా 1955లో వచ్చిన 237 మీటర్ల సంస్కృతి భవనాన్ని ఇప్పుడు 310 మీటర్ల వార్సో టవర్ దాటేసింది.

1944 తిరుగుబాటు గుర్తుగా ఏటా ఆగస్టు 1 సాయంత్రం 5 గంటలకు సైరన్ మోగగానే కార్లు, బస్సులు, మనుషులు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. ఏప్రిల్ 19న, ఘెట్టో తిరుగుబాటు మొదలైన రోజున, వాలంటీర్లు వీధుల్లో పసుపు కాగితం పూలు పంచుతారు. జనం వాటిని చొక్కాకు గుచ్చుకుని ఆఫీసులకు వెళ్తారు. ఈ కాగితం పూలు మొదలైంది 2013లో, తిరుగుబాటు జరిగిన 70 ఏళ్లకు.