బీరువా అడ్డమొస్తా ఉంది సార్

నెల్లూరు వేదాయపాళెంలో ఇల్లు మారాం, కొత్త నెట్ పెట్టించాం, 200 ఎంబీపీఎస్ ప్లాను. పాంప్లెట్‌లో 200 అంకె సగం కాయితం ఉంది, దాని పక్కన నక్షత్రం గుర్తు మాత్రం కళ్ళజోడు పెట్టుకున్నా కనపడదు. ఫోన్లో టెస్ట్ చేస్తే హాల్లో 45, బెడ్రూములో 9. కంప్లైంట్ పెడితే ఒక కుర్రోడొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనించే తొంగి చూసి, "అన్నా, రూటరుకి బెడ్రూముకి మధ్య ఇనప బీరువా పెట్టుకున్నారు, వైఫై దాన్ని దాటి ఎట్లా పోద్ది? హాల్లోకి లాగెయ్యండి" అనేసి బండెక్కి వెళ్ళిపోయాడు.

ఇనుము వైఫైని ఆపుతుందనేది నిజమే, ఆ మాట కాదన్ను. కానీ మా బీరువా సంగతి వాడికేం తెలుసు. మా ఆవిడ పెళ్ళికి మా మామ వింజమూరు నించి లారీలో పంపించిన బీరువా అది, అప్పట్లో నలుగురు దించారంట. ఆ మామే ఇప్పుడు చుట్టపుచూపుగా వచ్చి ఇంట్లో ఉన్నాడు. "అల్లుడూ, నేను లోపల్నించి తోస్తా, నువ్వు బయట్నించి లాగు" అన్నాడు. డెబ్భై దాటిన మనిషి చేత బీరువా తోయించడమేందని మా ఆవిడ మొత్తుకుంటానే ఉంది, మేం మొదలెట్టేశాం.

సగం దాకా బ్రహ్మాండంగా వచ్చింది. సరిగ్గా ద్వారబంధం మధ్యకి రాగానే టక్‌మని ఏదో పట్టుకుంది. చూస్తే బీరువా హ్యాండిలు పోయి పోయి తలుపు గడియ పడే రంధ్రంలో దూరింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. ఎంత కొలిచి చేయించినా అంత కచ్చితంగా కుదరదు, ఆ హ్యాండిలు కోసమే ఆ రంధ్రం పెట్టారా అన్నట్టుంది. పక్కన వేలు దూరే సందు కూడా లేదు, పైన మాత్రం ఒక జానెడు ఖాళీ. అద్దం ఉన్న వైపు నాకే ఎదురుగా ఉంది కాబట్టి నా మొహం, చెమట, వెనకాల నడుం మీద చెయ్యి పెట్టుకోని నిలబడ్డ మా ఆవిడ, అన్నీ నిలువుటద్దంలో తీరిగ్గా చూసుకునే భాగ్యం కలిగింది.

మామ లోపల. బాత్రూము బయట. ఈ రెండు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఆలోచించడానికి నాకు కొంచెం టైం పట్టింది, ఆయనకి మాత్రం వెంటనే వెలిగింది.

"అల్లుడూ, తొందరేం లేదు గానీ తొందరగా కానీ" అని పైసందులోనించి గొంతు. నిజం చెప్పాలంటే ఏసీ ఉన్నది ఆ గదిలోనే, రోహిణి ఎండలకి ఉడికింది మేమే. మా ఆవిడ సందులోకెళ్ళి కిటికీ గ్రిల్లులోనించి మజ్జిగ ఇద్దామంటే గ్లాసు పట్టలా, మూలమీద కొబ్బరిబోండాల బండి దగ్గర స్ట్రా తెచ్చి పెడితే ఆయన ఊచలు పట్టుకోని తాగతా ఉన్నాడు. ఎదురింటావిడ అది చూసింది. చూసి ఊరుకోకుండా పక్కింటావిణ్ణి పిలిచింది. "ఆస్తి గొడవలంటనా?" అని ఎవరో అడగడం నా చెవులతో నేనే విన్నా.

ఆ టైములో కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశా, ఎందుకు చేశానో అడగొద్దు. ఆ అమ్మాయి చాలా మర్యాదగా, సార్ మీ డౌన్‌లోడ్ స్పీడు ఎంత చూపిస్తుంది అంది. హాల్లో లాప్‌టాప్ చూసి 5 అన్నా. అది మెగాబైట్లు సార్, మా ప్లాను మెగాబిట్లలో ఉంటది, 8 బిట్లు ఒక బైటు, అంటే మీకు 40 వస్తున్నట్టే, 200 మొత్తం వచ్చినా అక్కడ 25 అనే చూపిస్తది అంది. స్పీకర్ ఆన్‌లో ఉంది. బీరువా మీంచి మామ అందుకున్నాడు: "కుంచానికి 8 తవ్వలు. అమ్మేటప్పుడు తవ్వల్లో చెప్పి, ఇంటికొచ్చాక కుంచాల్లో కొలుస్తా ఉన్నారు. వడ్ల యాపారంలో మేమీ పని చేస్తే కాటా తీసుకెళ్ళి పెన్నలో ఏసేవోళ్ళు." ఆ అమ్మాయి ఇంకేమైనా సహాయం కావాలా సార్ అంది.

కార్పెంటరొచ్చాడు, ద్వారబంధం పోయింది, మామ బయటికొచ్చాడు, ఓనరుకింకా చెప్పలేదు.

అబద్ధమెందుకు, బీరువా హాల్లోకొచ్చాక బెడ్రూములో 9 కాస్తా 31 అయింది. సాయంత్రం మా తోడల్లుడి కొడుకు, బీటెక్కు, వచ్చి రూటరు తిరగేసి చూశాడు. "పెదనాన్నా, వాళ్ళిచ్చిన ఈ రూటరుకి వైరు గుచ్చే పోర్టులే 100 ఎంబీపీఎస్‌వి, నేరుగా వైరు పెట్టినా 94 దాటదు, పైగా వైఫైకి 5 గిగాహెర్ట్జ్ దారి లేదు, 2.4 దారి ఒక్కటే, బిల్డింగులో అందరి వైఫైలూ అందులోనే కొట్టుకుంటా ఉంటాయి" అన్నాడు. అంటే 200 ప్లానుకి 100 రూటరు వాళ్ళే తెచ్చి బిగించి, తప్పు మా మామ పెట్టిన సారె మీదకి తోశారు. 18 శాతం జీఎస్టీ మాత్రం 200 ప్లాను మీదే కట్టించుకున్నారు. ఎవరికి చెప్పుకుందాం, 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అర్థం మార్చి కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలంది, అంతకుముందు 512 కేబీపీఎస్సే, అంటే అర ఎంబీపీఎస్. ఆ లెక్కన నా 9 కూడా రాజభోగమే.

రాత్రి కుర్రోడు మళ్ళీ ఫోన్ చేశాడు. "అన్నా, స్పీడు చాలట్లేదంటన్నారు కదా, 300 ప్లాను ఆఫర్లో ఉంది, ఎక్కించేదా?" నేను నోరు తెరిచేలోపే మామ ఫోన్ లాక్కున్నాడు.

"ఎక్కించబ్బాయ్. దాంట్లో బీరువా మొయ్యడానికి మనుషులొస్తారా, లేకపోతే మళ్ళీ నేనే తొయ్యాలా?"