స్టేటస్ పెడితే సరిపోతుందా?

ఆగస్టు 29 వచ్చిందంటే ఒడిశాలోని పర్లాకిమిడిలో మన తెలుగువాళ్ల వాట్సాప్ స్టేటస్‌ల నిండా వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే, ఆయన పుట్టినరోజు కదా. ఆయన పాఠాలు చెప్పిన ఊరు, పెట్టుకోవాల్సిందే. మరి బడిలో తెలుగు టీచరు పోస్టు ఖాళీ అని అర్జీ రాసి గ్రూపులో పెడితే? వరసగా దండం ఎమోజీలు! సంతకానికి రమ్మంటే ఒక్కరూ కదలరే! 24 గంటలకి స్టేటస్ పోతుంది, ఖాళీ పోతుందా? పైగా పంతులుగారి ఫొటో కిందే చీరల కొట్టు డిస్కౌంటు, ఫోన్ నంబరుతో సహా. సిగ్గనిపించదూ? అర్జీ మెసేజ్ గ్రూపులో కనిపించకుండా ఎక్కడో పైకెళ్లిపోయింది, చీరల ప్రకటన మాత్రం గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. సవర గిరిజనుల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వాళ్లకి బళ్లు పెట్టిన మనిషండీ ఆయన! మన పిల్లల కోసం మనం ఊళ్లోనే ఉన్న కలెక్టరాఫీసు దాకా నడవలేమా?